చప్పుళ్ల జీతం

బొమ్మలు లాక్లన్ గీస్తాడు.
కథ లండన్ నుంచి టైపు కొట్టి ఎవరో పంపుతారు.
ఆ రెంటికీ నడుమ మిగిలిన జాగాలో
చప్పుళ్లు రాయడం నా పని.
గురువారం పొద్దుగూకేలోపు ఆరు పేజీలు.

డండీలో, నది కనిపించని మేడగది.
మాటలకి సన్నపాళీ, కేకలకి వెడల్పు పాళీ,
పేలుళ్లకి మాత్రం బ్రష్షు.
ధడేలుమనే చోట దీర్ఘం ఎంత సాగాలో
నన్ను మించి ఎరిగినవాళ్లు ఈ వీధిలో లేరు.

ఈ ఏడాదంతా యుద్ధమే.
ఇటు కొలిమి దళం, అటు మంచు దళం.
మనుషులు ఏనాడో పోయారు, హుకుం మిగిలింది.
కొట్టమన్నవాడు లేడు,
చాలించమనడానికీ ఎవడూ లేడు.
కనక మరమనుషులు కొట్టుకుంటూనే ఉంటాయి
ప్రతి బుధవారం, ఎనిమిది పెన్నీలకి.

లాక్లన్‌కి ఇనుమంటే ప్రాణం.
ఒక్కో బోల్టుకీ విడిగా నీడ వేస్తాడు.
రెండు దళాల మెడల మీదా మాత్రం
ఒకే ఫ్యాక్టరీ ముద్ర వేశాడు, చీమతలంత.
ఎడిటరు చూడలేదు. పిల్లలు చూశారు.
"ఇది పొరపాటా, సార్?" అని ఉత్తరం రాశాడు
కిర్కాల్డీ నుంచి ఒక కుర్రాడు.
జవాబులు రాసే పని నాది కాదు.

తరగని పేజీలు ఇంటికి తెచ్చుకుంటాను.
అమ్మ జనపనార మిల్లులో ముప్పై ఒక్కేళ్లు నేసింది.
వారం వారం కూలిచ్చి మరీ
మగ్గాలు ఆమె చెవులు రెండూ తీసుకున్నాయి.
ఆ షెడ్డులో ఆడవాళ్లు పెదాలతోనే తగువులాడేవారట,
పెదాలతోనే పెళ్లిళ్లు కుదిర్చేవారట.
ఇప్పుడు బొగ్గులారీ వస్తే
ముందు ఆమె పాదాలకి తెలుస్తుంది.

నా పేజీల్ని అమ్మ చదవదు, తడుముతుంది.
సిరా ఆరకముందే ఫెళఫెళ మీద వేలు పెట్టేస్తుంది.
"ఇదేమిటి?"
చెయ్యి విరిగిందమ్మా. ఇనపచెయ్యి.
"మరి ఇది?"
తల.
"తల తెగితే ఇంతేనా అక్షరాలు?"
పూటకి వంద తెగుతుంటే
ఎన్నింటికని పెద్దగా రాయను?

నలభయ్యో సంచికలో ఒక బొమ్మ.
మంచులో కూలిన కొలిమి సిపాయి.
దాన్ని కూల్చినదే వంగి,
దాని రొమ్ముకి తల ఆనించి వింటోంది.
పక్కన టైపు కాగితం మీద: పేలుడు, పేజీ నిండా.
బ్రష్షు ముంచాను. చెయ్యి కదల్లేదు.

అమ్మ ముఖం నా వైపు తిప్పుకుని అడిగాను,
మిల్లు మూసిన సాయంత్రం ఎలా ఉందని.
"బెల్టులు ఆగాయని అందరి ముఖాలూ చూసి తెలుసుకున్నా.
నా మగ్గం మీద చెయ్యేసి నిలబడ్డా.
జ్వరం దిగినట్టు దిగింది అదురు.
పూర్తిగా దిగేదాకా చెయ్యి తియ్యలేదు.
ఫోర్‌మన్ కసురుకునే ఉంటాడు,
నాకేం తెలుస్తుంది?"

ఆ రాత్రి ఏమీ రాయలేదు.
అక్షరాలు నిలబెట్టడానికి పెన్సిల్‌తో లాగే గీతలుంటాయి,
చివర చెరిపేస్తాం.
వాటినే ఆ రొమ్ము చుట్టూ లాగి
చెరపకుండా వదిలేశాను,
మీద ఒక్క అక్షరమూ లేకుండా.

పేజీ శుక్రవారం తిరిగొచ్చింది.
ఎర్ర పెన్సిల్: "చప్పుడు ఏదీ?"

అద్దె సోమవారం కట్టాలి.
తెల్లరంగు పూసి, ఆరనిచ్చి,
ధ రాశాను అరచేయంత,
దాని వెనక మిగతావి పేజీ అంచు దాటేదాకా.
బాగా వచ్చిందన్నారు.

అచ్చయి వచ్చిన పుస్తకంలో
అమ్మ అదే చోట వేలు పెట్టింది.
నున్నటి కాగితం.
కాసేపు అక్కడే ఉంచి తీసేసింది,
ఏమీ అడగలేదు.
బ్రష్షు కడుక్కున్నాను.
వచ్చే వారం మంచు దళం వంతట.